ఇరవై ఒకటి ఆటలో గెలిచేదెవరు?

పిల్లలూ! సైన్సు మాస్టారు పేకముక్కల గురించి వ్యాసం రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఈ వ్యాసం నాచేత రాయించింది మా తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు. రెండేళ్ళ కిందట వాడు అడిగిన ఒక ప్రశ్నకు జవాబే ఇది.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజు. సాయంత్రం గంట కొట్టగానే అందరూ ఇళ్ళకు పరుగెత్తారు. ఆ కుర్రవాడు మాత్రం నా కోసం గేటు దగ్గర నిలబడ్డాడు. సిద్దిపేటలో మా ఇల్లు కోమటిచెరువు వైపు. వాడిదీ అదే దారి. చెరువుకట్ట దాకా మాట్లాడకుండా నడిచి, అక్కడ ఆగి అడిగాడు.

"సార్, పేకాటల ముక్కలు లెక్కవెట్టుకుంట ఆడితె తప్పకుండ గెలుస్తరా?"

ఎందుకురా అంటే అసలు సంగతి చెప్పాడు. వాడి అన్న డిగ్రీ చదువుతున్నాడు. మక్కలు అమ్మిన డబ్బులో ఫీజుకని నాయన ఇచ్చిన 22,000 రూపాయలను ఫోనులో 'ఇరవై ఒకటి' అనే ఆట ఆడి నాలుగు రాత్రుల్లో పోగొట్టాడు. ఇంట్లో అందరూ "వాని నసీబు మంచిగ లేదు" అంటున్నారు. అన్న మాత్రం ముక్కలు లెక్కపెట్టే విద్య ఒకటుందనీ, అది నేర్చుకుంటే పోయినదంతా తిరిగి వస్తుందనీ చెప్పి అప్పు కోసం తిరుగుతున్నాడట.

"నిజమేనా సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పదవ తరగతి లెక్కల పుస్తకంలో 'సంభావ్యత' అనే పాఠం ఉంది. ఆ పాఠం నాకు తెలుసు గాని ఈ ఆట తెలియదు. తెలియనిదాన్ని తిట్టడం సైన్సు కాదు. అందుకని ఆ రాత్రి కాగితం, కలం తీసుకొని కూర్చున్నాను. ఆ లెక్కే ఇప్పుడు మీరూ నాతో కలిసి చేయండి.

ఆట ఏమిటి?

ఇరవై ఒకటి ఆటను ఇంగ్లీషువాళ్ళు బ్లాక్‌జాక్ అంటారు. కాసినో అనే జూదశాలల్లో అర్ధచంద్రాకారపు బల్ల ఉంటుంది. బల్లకు ఒకవైపు ఆటగాళ్ళు, మరోవైపు ముక్కలు పంచేవాడు. ఆటగాళ్ళకు ఒకరితో ఒకరికి పోటీ లేదు. ప్రతివాడూ పంచేవాడితోనే ఆడతాడు. పంచేవాడు జూదశాల మనిషి.

పేకలో 52 ముక్కలుంటాయి. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అనే నాలుగు రంగులకు ఈ ఆటలో విలువ లేదు. అంకె ఒక్కటే లెక్క. 2 నుంచి 10 దాకా ముక్క మీది అంకే దాని విలువ. జాకీ, రాణి, రాజు ఒక్కొక్కటి 10. ఆసును మన వీలునుబట్టి 1 గానో 11 గానో లెక్కించుకోవచ్చు.

ఆటగాడు ముందు పందెం పెడతాడు. అతనికి రెండు ముక్కలు వస్తాయి. పంచేవాడూ రెండు తీసుకుంటాడు గాని వాటిలో ఒకటి మాత్రమే తెరిచి చూపిస్తాడు. ఆటగాడు కావాలంటే ఇంకో ముక్క అడగవచ్చు, చాలనుకుంటే ఆగవచ్చు. చేతిలోని మొత్తం 21కి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 21 దాటిందా, అక్కడికక్కడే ఓటమి. ఆటగాళ్ళందరి వంతు అయిపోయాక పంచేవాడు తన రెండో ముక్క తెరుస్తాడు. అతనికి సొంత తెలివి వాడే హక్కు లేదు. 17 వచ్చేదాకా ముక్క తీసుకోవాలి, 17 రాగానే ఆగాలి. ఇద్దరి మొత్తమూ సమానమైతే ఎవరి డబ్బు వారిదే.

మొదటి రెండు ముక్కల్లోనే ఒక ఆసు, ఒక పది విలువగల ముక్క వస్తే 21 అవుతుంది. అదే 'బ్లాక్‌జాక్'. దానికి 2 రూపాయల పందేనికి 3 రూపాయలు ఇవ్వడం పాత పద్ధతి. అది ఎంత తరచుగా వస్తుంది? ఆసులు 4, పది విలువగల ముక్కలు 16. ముందు ఆసు, తర్వాత పది వచ్చే సంభావ్యత 4/52 × 16/51. ముందు పది, తర్వాత ఆసు వచ్చేది కూడా అంతే. రెండూ కలిపితే 128/2652. అంటే నూటికి 4.8 సార్లు. సుమారు ఇరవై ఒక్క ఆటలకు ఒకసారి!

పదహారు దగ్గర చిక్కు

మీ చేతిలో 16 ఉందనుకోండి. ఇంకో ముక్క అడగాలా, ఆగాలా? పేకలో 13 రకాల ముక్కలున్నాయి. ఆసు, 2, 3, 4, 5 వస్తే మీరు బతికారు. 6, 7, 8, 9, 10, జాకీ, రాణి, రాజు, ఈ ఎనిమిదింటిలో ఏది వచ్చినా 21 దాటిపోతారు. 13లో 8 అంటే నూటికి 61 సార్లకు పైగా. మీ చేతిలో 12 ఉంటే పది విలువగల నాలుగు రకాలే ప్రమాదం, నూటికి 31 సార్లు. 11 ఉంటే భయమే లేదు.

పంచేవాడి తెరిచిన ముక్క కూడా చూడాలి. అది 6 అయితే అతను నూటికి సుమారు 42 సార్లు 21 దాటిపోతాడు. అప్పుడు మీరు 12 దగ్గరే ఆగి, అతను మునిగేదాకా వేచి ఉండడం మంచిది. అది 10 అయితే అతను బలంగా ఉన్నాడన్నమాట. అప్పుడు 16 మీద కూడా ముక్క అడగడమే తక్కువ నష్టం.

ఇలా ప్రతి సందర్భానికీ మంచి ఎత్తు ఏదో లెక్కగట్టినవారు నలుగురు అమెరికా సైనికులు. బాల్డ్విన్, కాంటే, మైసెల్, మెక్‌డెర్మాట్ వారి పేర్లు. బల్ల మీద పెట్టుకునే లెక్కల యంత్రాలతో శ్రమపడి, ఫలితాలను 1956లో అమెరికా గణాంకశాస్త్ర సంఘం పత్రికలో ప్రకటించారు. వారి పద్ధతిలో ఒక్క తప్పూ చేయకుండా ఆడితే, మంచి నిబంధనలున్న బల్ల దగ్గర నూరు రూపాయల పందేనికి సగటున పోయేది సుమారు అర్ధ రూపాయి మాత్రమే.

పోయేది అన్నాను, వచ్చేది అనలేదు. గమనించారా?

జూదశాలకు లాభం ఎక్కడిది?

పంచేవాడు దొంగతనం చేయడు. అవసరం లేదు. రహస్యమంతా వరుసలో ఉంది. ఆటగాడి వంతు ముందు, పంచేవాడి వంతు వెనక.

ఆ అన్న ఎలా ఆడేవాడని కుర్రవాణ్ణి మర్నాడు అడిగాను. "పంచెటోని లెక్కనే సార్. పదిహేడు దాక తీసుకుంటడు, తర్వాత ఆగుతడు. వాళ్ళు తెలివిగల్లోళ్ళు గదా, వాళ్ళు చేసిందే చేస్తె సమానమైతది అన్నడు." వినడానికి బాగానే ఉంది. ఇద్దరికీ ఒకే నియమం ఉంటే ఇద్దరికీ సమాన అవకాశమే కదా!

కాదు. ఈ నియమంతో ఆడితే ఎవరైనా నూటికి సుమారు 28 సార్లు 21 దాటిపోతారు. ఇద్దరూ దాటిపోయే ఆటలు ఎన్ని? 28లో నూటికి 28, అంటే దాదాపు 8. న్యాయంగా ఆ 8 ఆటల్లో సమానమనాలి. కాని ఆటగాడు ముందే ఓడిపోయాడు, అతని డబ్బు బల్ల దాటిపోయింది. తర్వాత పంచేవాడు మునిగినా తేలినా ఒకటే. ఆ 8 పందేలూ జూదశాలకు మిగులు. ఇక బ్లాక్‌జాక్ వచ్చినప్పుడు ఆటగాడికి దక్కే అదనపు సగం వల్ల నూరు పందేలకు 2.4 దాకా తిరిగి వస్తాయి. అదీ ఇదీ సరిచూస్తే నూటికి సుమారు 5.5 రూపాయలు జూదశాలకు మిగులుతాయి.

ఐదున్నర రూపాయలేనా అనుకుంటున్నారా? ఆ అన్న లెక్క చూద్దాం. ఒక్కో ఆటకు 200 రూపాయల పందెం. ఫోనులో నిమిషానికి రెండు ఆటలు అయిపోతాయి. రాత్రికి నాలుగు గంటలు ఆడితే 480 ఆటలు. నాలుగు రాత్రులకు 1,920 ఆటలు. 200 చొప్పున మొత్తం పందెం 3,84,000 రూపాయలు!

జేబులో ఉన్నది 22,000 కదా, ఇంత ఎక్కడిదంటారా? గెలిచిన డబ్బే మళ్ళీ పందెంలోకి పోతుంది. ఒకే డబ్బు పదిహేడు సార్లు గిర్రున తిరిగిందన్నమాట. తిరిగిన ప్రతిసారీ కొంత అరిగింది. 3,84,000లో నూటికి 5.5 ఎంత? 21,120 రూపాయలు.

పోయింది 22,000. అతని నసీబు చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. అచ్చంగా సగటు నసీబు!

నాణేనికి మరుపు, పేకకు జ్ఞాపకం

ఇక లెక్కపెట్టే విద్య సంగతి. అది అబద్ధం కాదు. కాని ఎక్కడ పనిచేస్తుందో తెలియాలి.

నాణెం ఎగరేస్తే వరుసగా ఐదుసార్లు బొమ్మ పడిందనుకోండి. ఆరోసారి బొరుసు పడే అవకాశం పెరిగిందా? లేదు. నాణేనికి జ్ఞాపకం లేదు. ప్రతిసారీ సగం సగమే. "ఇంతసేపూ పోయింది గనుక ఇప్పుడు తప్పక వస్తుంది" అనుకోవడం జూదగాళ్ళందరూ చేసే పొరపాటు.

పేక అలా కాదు. పంచిన ముక్కలను పక్కన పెట్టి మిగిలిన వాటితోనే ఆట సాగిస్తే పేకకు జ్ఞాపకం ఉంటుంది. నాలుగు ఆసులూ వెళ్ళిపోతే ఆ పేకలో ఇక బ్లాక్‌జాక్ రానే రాదు. 26 ముక్కలు పంచేసరికి పది విలువగల 16 ముక్కల్లో ఐదే వెళ్ళాయనుకోండి. మిగిలిన 26లో పదకొండు ఉన్నాయి. మొదట నూటికి 31 ఉన్న అవకాశం ఇప్పుడు 42 అయింది. పది విలువగల ముక్కలు, ఆసులు ఎక్కువగా మిగిలితే ఆటగాడికి బ్లాక్‌జాక్ తరచుగా వస్తుంది. 12 నుంచి 16 దాకా ఆగే హక్కు లేని పంచేవాడు తరచుగా మునుగుతాడు. అప్పుడు పెద్ద పందెం, లేనప్పుడు చిన్న పందెం పెట్టాలి. లెక్కపెట్టడమంటే ఇంతే.

దీన్ని శాస్త్రీయంగా నిరూపించినవాడు ఎడ్వర్డ్ థోర్ప్ అనే అమెరికా గణితవేత్త. అతను మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పనిచేస్తూ ఐ.బి.ఎం. 704 అనే కంప్యూటరు సాయంతో లెక్కలు వేశాడు. 1962లో పుస్తకంగా ప్రకటించాడు. బల్లల దగ్గర ఆడి కూడా చూపించాడు.

ఇది వింటుంటే మీకు నలుని కథ గుర్తుకు రావడం లేదూ? మహాభారతం అరణ్యపర్వంలో నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకుంటాడు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణ మహారాజుకు రథం తోలుతాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిపోతుంది. ఆ సంఖ్యావిద్యతో పాటు పాచికల రహస్యాన్ని కూడా నలుడు అతని దగ్గర నేర్చుకుంటాడు. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ ఈ చెట్టుదే. పూర్వకాలంలో ఈ కాయలనే పాచికలుగా వాడేవారు. లెక్కకూ జూదానికీ సంబంధముందని మన పూర్వులు ఎంత చక్కగా గుర్తించారో చూడండి!

అయితే జూదశాలలు చేతులు కట్టుకొని కూర్చుంటాయా? ఒక పేకకు బదులు ఆరు, ఎనిమిది పేకలు కలిపి పంచడం మొదలుపెట్టాయి. దాని ఫలితం ఇదీ. ఒక పేకలో ఒక ఆసు వెళ్ళిపోతే ఆసు వచ్చే అవకాశం 4/52 నుంచి 3/51కి తగ్గుతుంది. అంటే నూటికి 7.7 నుంచి 5.9కి. ఎనిమిది పేకల్లో అయితే 32/416 నుంచి 31/415కి, అంటే 7.7 నుంచి 7.5కి మాత్రమే. చెంబెడు నీళ్ళలో వేసిన చిటికెడు ఉప్పుకూ బిందెడు నీళ్ళలో వేసిన ఉప్పుకూ ఉన్న తేడా అన్నమాట. పైగా లెక్కపెడుతున్నాడని అనుమానం వస్తే బయటికి పంపుతారు. ఇన్ని కష్టాలు పడ్డా ఎంతో నేర్పుగలవాడికి మిగిలేది నూటికి ఒక రూపాయి అటూ ఇటూగానే. అదీ వేల ఆటలు ఆడాక.

మరి ఫోను సంగతి? అక్కడి ఇరవై ఒకటి ఆటల్లో సాధారణంగా ప్రతి ఆటకూ ముక్కలు కొత్తగా కలిసిపోతాయి. కొత్తగా కలిపిన పేకకు నాణేనికి లాగే జ్ఞాపకం ఉండదు. అక్కడ లెక్కపెట్టడమంటే ఎండిన బావిలో చేద వేయడమే.

సికింద్రాబాదు నుంచి సుప్రీంకోర్టుకు

ముక్కలను గుర్తుంచుకునే విషయం మన దగ్గర న్యాయస్థానం దాకా కూడా వెళ్ళింది. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. నిజాం కాలంనాటి హైదరాబాదు జూద చట్టం కింద కేసు నడిచింది. 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారవేయాలో తెలియాలి, కనుక అది మూడు ముక్కలాట వంటిది కాదు, ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని ఆ తీర్పు సారాంశం. అయితే ఆట నడిపే యజమాని దానిలోంచి లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చునని కూడా కోర్టు అన్నది. ఈ రెండో మాట చాలామందికి తెలియదు. మనం ఇప్పటిదాకా వేసిన లెక్క కూడా ఆ 'యజమాని వాటా' గురించేగా!

మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను రమ్మీతో సహా నిషేధించారు. నేర్పు, అదృష్టం అనే తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టాన్ని 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించింది. గోవాలో మాండవీ నది మీద ఓడల్లో కాసినోలున్నాయి. తెలంగాణలో వాటికి అనుమతి లేదు.

రెట్టింపు పందెం మాయ

"ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తం గదా సార్?" అని మా తరగతిలో ఇంకో గడుగ్గాయి అడిగాడు. మంచి ప్రశ్నే. 10 రూపాయలతో మొదలుపెట్టి 20, 40, 80 ఇలా పోదాం. వరుసగా పదిసార్లు ఓడితే పోయిన మొత్తం 10,230 రూపాయలు. నాణెం లాంటి న్యాయమైన ఆటలో కూడా ఇలా జరిగే అవకాశం 1,024లో ఒకసారి. మిగతా 1,023 సార్లూ గెలిచేది తలా 10 రూపాయలు. మొత్తం 10,230! లాభం, నష్టం సరిసమానం. పందేల వరుస మార్చినంత మాత్రాన ఆట స్వభావం మారదు. న్యాయం లేని ఆటలో అయితే నష్టం ఖాయం.

చింతగింజల ప్రయోగం

మాట కంటే ప్రయోగం మేలు. పాత పెళ్ళిపత్రికలు కత్తిరించి పిల్లలచేత ముక్కలు తయారుచేయించాను. మా తరగతిలో 36 మంది. ఆరు జట్లు. జట్టుకొకడు పంచేవాడు, ఐదుగురు ఆటగాళ్ళు. డబ్బు లేదు, చింతగింజలే. ఒక్కో ఆటకు రెండు గింజల పందెం. అందరూ 17 నియమం పాటించాలి. ఒక్కొక్కరు 30 ఆటలు ఆడాలి. కిటికీలోంచి చూసిన హెడ్మాస్టరు గారు బెత్తం పట్టుకొని లోపలికి వచ్చి, సంగతి తెలిశాక తామూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు.

గంట కొట్టేసరికి 30 మంది ఆటగాళ్ళలో పదకొండుగురికి గింజలు పెరిగాయి. వాళ్ళ కేకలతో తరగతి మారుమోగింది. ఇద్దరికి సమానం. పదిహేడుగురికి తగ్గాయి. వాళ్ళు మాట్లాడలేదు. ఆరుగురు పంచేవాళ్ళ దగ్గర మొత్తం 88 గింజలు ఎక్కువ తేలాయి. మొత్తం పందెం 1,800 గింజలు. నూటికి ఐదున్నర చొప్పున 99 రావాలి. కొద్ది ఆటల్లో అటూ ఇటూ ఊగుతుంది. ఆటలు పెరిగినకొద్దీ ఆ శాతం ఐదున్నర దగ్గరికి చేరుతుంది. ఆటగాడికి ఒక్క రాత్రి అదృష్టం కలిసి రావచ్చు. జూదశాల మాత్రం వేలమందితో లక్షల ఆటలు ఆడుతుంది. దానికి అదృష్టంతో పనిలేదు.

గెలిచిన పదకొండుగురి కేకలే బయటికి వినిపిస్తాయి, ఓడిన పదిహేడుగురి మౌనం వినిపించదు. ఇది కూడా రాసుకోండి.

ఆ కుర్రవాడు గింజలు రెండుసార్లు లెక్కపెట్టాడు. "అయితె మా అన్న నసీబు కాదు సార్. ఆటనే అట్ల కట్టిన్రు" అన్నాడు.

ఆదివారం నాడు అన్నను మా ఇంటికి తీసుకొచ్చాడు. 3,84,000 లెక్క ఉన్న కాగితాన్ని అతను చాలాసేపు చూశాడు. "మరి పోయినయి ఎట్ల వస్తయి సార్?" అన్నాడు. "అవి రావు నాయనా. నువ్వు అప్పు తేకపోతే ఇంకో 22,000 పోకుండా ఉంటాయి. అంతవరకు మాత్రమే లెక్క చెప్పగలదు" అన్నాను. అతను అప్పు తేలేదు. సాయంత్రం పూట ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరి ఫీజు విడతలుగా కట్టాడు.

మీరూ చేసి చూడండి

ఒక గుడ్డసంచిలో 4 ఎర్ర పూసలు, 9 తెల్ల పూసలు వేయండి. చూడకుండా ఒకటి తీయండి. రంగు రాసుకొని తిరిగి సంచిలో వేయండి. ఇలా 130 సార్లు చేస్తే ఎరుపు ఎన్నిసార్లు వచ్చింది? 40కి దగ్గరగా వస్తే మీ ప్రయోగం సరిగా సాగినట్టే. ఇది జ్ఞాపకం లేని సంచి. తర్వాత తీసిన పూసను తిరిగి వేయకుండా ఆడండి. ప్రతిసారీ తీయబోయే ముందు "తర్వాత ఎరుపు వచ్చే అవకాశం ఎంత?" అని భిన్నంగా రాసుకోండి. ఆ భిన్నం ఎలా మారుతుందో గమనించండి. ఇది జ్ఞాపకం ఉన్న సంచి.

ఎవరైనా మీకు ఏదైనా పందెం చూపించి తప్పక గెలుస్తావని చెబితే, ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఈ సంచికి జ్ఞాపకం ఉందా? మొదటి వంతు ఎవరిది?